మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా తెరుచుకోని లిబ్రేఆఫీస్: ఫార్మాట్ కొట్టే ముందు ఈ ఫోల్డర్ చూడండి

ప్రశ్న: నమస్తే సార్. కర్నూలులో కోర్టుకు దగ్గర్లో చిన్న టైపింగ్, జిరాక్సు సెంటర్ నడుపుతున్నాను. అఫిడవిట్లు, అగ్రిమెంట్లు, అర్జీలు అన్నీ లిబ్రేఆఫీస్‌లోనే తెలుగులో టైపు చేస్తాను. విండోస్ 10 కంప్యూటర్. పోయిన వారం టైపు చేస్తుండగా కరెంటు పోయింది. యూపీఎస్ కూడా నిలబడలేదు. కరెంటు వచ్చాక చూస్తే లిబ్రేఆఫీస్ తెరుచుకోలేదు. తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. ఐకాన్ మీద డబుల్ క్లిక్ చేస్తే లిబ్రేఆఫీస్ పేరున్న బొమ్మ ఒక్క క్షణం కనిపించి మాయమైపోతుంది. ఎర్రర్ ఏమీ రాదు. కొత్త వెర్షన్ దించుకుని వేసినా అంతే. సర్వీసు అబ్బాయి ఫార్మాట్ కొట్టాల్సిందే అంటున్నాడు. నేను ఇన్నేళ్లుగా దాచుకున్న షార్ట్‌కట్లు, అంటే రెండక్షరాలు కొట్టి ఎఫ్3 నొక్కితే మొత్తం వచ్చేసే అఫిడవిట్ పేరాలు, అన్నీ పోతాయేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: అమ్మా, ముందు ఆ ఫార్మాట్ ఆపమనండి. మీరు భయపడుతున్న పేరాలు చాలావరకు భద్రంగానే ఉండి ఉంటాయి. లిబ్రేఆఫీస్‌ను తీసేసి మళ్లీ వేసినంత మాత్రాన అవి పోవు. అయితే ఫార్మాట్ కొడితే మాత్రం పోతాయి. అందుకే ఈ రెండూ ఒకటే అనుకోవద్దు.

మీరు రాసిన వివరాలు చూస్తే నా మొదటి అనుమానం లిబ్రేఆఫీస్ మీ కోసం విడిగా పెట్టుకునే సెట్టింగుల ఫోల్డర్ మీదికే పోతోంది. టైపు చేస్తుండగా కరెంటు పోయింది, బొమ్మ కనిపించి మాయమవుతోంది, ఎన్నిసార్లు ఇన్‌స్టాల్ చేసినా అదే వరస. ఈ మూడూ కలిసి వచ్చాయంటే ఎక్కువసార్లు దొరికే దొంగ అదే.

ఎందుకో చెబుతాను, ఎందుకంటే ఇది తెలిస్తే రేపు ఇంకో సాఫ్ట్‌వేర్ ఇలాగే మొండికేసినా మీకు పనికొస్తుంది. ఒక ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ అయినప్పుడు దాని అసలు ఫైళ్లు సీ డ్రైవ్‌లో ప్రోగ్రామ్ ఫైల్స్ అనే ఫోల్డర్‌లోకి వెళతాయి. మీరు వాడుతూ చేసుకున్న మార్పులు, అంటే ఏ ఫాంట్, ఏ టూల్‌బార్, ఏ షార్ట్‌కట్, ఇటీవల తెరిచిన ఫైళ్లు ఏవి, ఇవన్నీ వేరేచోట, మీ విండోస్ యూజర్ పేరు కింద ఆప్‌డేటా అనే దాచిన ఫోల్డర్‌లో ఉంటాయి. అన్‌ఇన్‌స్టాల్ చేసినప్పుడు పోయేది మొదటిది మాత్రమే. రెండోదాన్ని కావాలనే ముట్టుకోరు, మళ్లీ వేసుకున్నప్పుడు మన సెట్టింగులు మనకు దొరకాలని. మామూలు రోజుల్లో ఇది మేలే. ఆ సెట్టింగులే చెడిపోయిన రోజున మాత్రం, కొత్తగా వచ్చిన ప్రోగ్రామ్ లేచీ లేవగానే ఆ చెడిన ఫైలునే చదివి మళ్లీ పడిపోతుంది. ఇంటికంతా కొత్తగా సున్నం వేయించి, వీధి తలుపుకు పాత తుప్పు తాళమే తగిలించినట్టు.

కరెంటు పోతే ఆ ఫైలు ఎందుకు చెడుతుందంటే, విండోస్ వాడే డిస్క్ పద్ధతి ఫైలు పేరు, సైజు లాంటి వివరాలను చిట్టా రాసుకుని కాపాడుతుంది. ఫైలు లోపలి సరుకుకు ఆ రక్షణ లేదు. సరిగ్గా రాస్తున్న క్షణంలో కరెంటు పోతే ఫైలు పేరు ఉంటుంది, సైజు ఉంటుంది, లోపల మాత్రం ఖాళీ.

ముందు ఈరోజు పని గడవాలి కదా, దాని సంగతి చూద్దాం. స్టార్ట్ మెనూలో లిబ్రేఆఫీస్ అని కొట్టండి. అక్కడ మామూలు ఐకాన్‌తో పాటు లిబ్రేఆఫీస్ సేఫ్ మోడ్ అని ఇంకొకటి కనిపిస్తుంది. 2017లో వచ్చిన 5.3 వెర్షన్ నుంచి ఈ సదుపాయం ఉంది. అది నొక్కితే ఒక చిన్న పెట్టె తెరుచుకుంటుంది. అందులో కంటిన్యూ ఇన్ సేఫ్ మోడ్ అన్న బటన్ నొక్కండి. మీ సెట్టింగుల జోలికి పోకుండా, తాత్కాలికంగా కొత్త సెట్టింగులతో ప్రోగ్రామ్ తెరుచుకుంటుంది. అలా తెరుచుకుందంటే మన అనుమానం నిజమైనట్టే. అర్జంటు అఫిడవిట్లు తెరిచి ప్రింటు తీసుకోండి. సేఫ్ మోడ్‌లో ఎఫ్3 నొక్కితే మీ పేరాలు రావు, దానికి కంగారు పడకండి. అది మీ పాత ఫోల్డర్ వైపు చూడటం లేదు, అంతే.

సేఫ్ మోడ్ కూడా రాకపోతే, విండోస్ 10లో వర్డ్‌ప్యాడ్ అని ఒకటి ఉంటుంది. లిబ్రేఆఫీస్ వాడే ఓడీటీ ఫైళ్లను అది కూడా తెరుస్తుంది. టేబుళ్లు, హెడర్లు చెదిరిపోవచ్చు కానీ మ్యాటర్ వస్తుంది. తెరిచి ప్రింటు తీయండి, సేవ్ మాత్రం చేయకండి. చేస్తే మీ ఫార్మాటింగ్ కొంత పోతుంది.

ఇప్పుడు అసలు మరమ్మతుకు వద్దాం. కంప్యూటర్‌ను ఒకసారి రీస్టార్ట్ చేయండి. షట్ డౌన్ చేసి మళ్లీ ఆన్ చేయడం కాదు, రీస్టార్టే నొక్కండి. విండోస్ 10లో ఫాస్ట్ స్టార్టప్ ఉన్నప్పుడు షట్ డౌన్ చేస్తే సిస్టమ్ లోపలి భాగం, డ్రైవర్లు (ప్రింటర్, గ్రాఫిక్స్ కార్డు లాంటి భాగాలను నడిపే సాఫ్ట్‌వేర్) పూర్తిగా ఆగవు, ఉన్న స్థితినే డిస్క్‌లో దాచుకుని మళ్లీ అక్కడి నుంచే లేస్తాయి. రీస్టార్ట్ అయితే అన్నీ మొదటి నుంచి మొదలవుతాయి. ఆ తర్వాత లిబ్రేఆఫీస్ మీద ఒకసారి క్లిక్ చేసి, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు కీలూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. డీటెయిల్స్ అనే భాగంలో ఎస్‌ఆఫీస్ అనే పేరుతో ఏవైనా కనిపిస్తే, ఒకటి ఈఎక్స్‌ఈ అని, ఇంకొకటి బిన్ అని ముగుస్తుంది, వాటిని ఎంచుకుని ఎండ్ టాస్క్ కొట్టండి. లిబ్రేఆఫీస్ కంటికి కనిపించకపోయినా వెనకాల ఇరుక్కుని ఉండటం మామూలే. అది అక్కడ ఉన్నంతసేపూ ఫోల్డర్ పేరు మార్చనివ్వదు.

తర్వాత సేఫ్ మోడ్ పెట్టెలోనే రిస్టోర్ ఫ్రమ్ బ్యాకప్ అనే వరుస చూడండి. లిబ్రేఆఫీస్ తనంతట తాను దాచుకున్న పాత మంచి సెట్టింగులు ఉంటే ఆ వరుస ఎంచుకోవడానికి వీలవుతుంది. ఎంచుకుని అప్లై చేస్తే చాలాసార్లు కథ అక్కడితో ముగుస్తుంది. బూడిద రంగులో ఉండి ఎంచుకోనివ్వకపోతే బ్యాకప్ లేదని అర్థం. అదే పెట్టెలో రీసెట్ టు ఫ్యాక్టరీ సెట్టింగ్స్ కింద యూజర్ ప్రొఫైల్ మొత్తం రీసెట్ చేసే వరుస కూడా కనిపిస్తుంది. దాని జోలికి ఇప్పుడు పోకండి. ప్రొఫైల్ అంటే ఇందాక చెప్పిన సెట్టింగుల ఫోల్డరే, మీ పేరాలు అందులోనే ఉన్నాయి.

దాని బదులు మనం చేత్తోనే చేద్దాం. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కితే రన్ అనే చిన్న పెట్టె వస్తుంది. అందులో ఇంగ్లిష్ అక్షరాల్లో ముందు శాతం గుర్తు, వెంటనే ఏ, పి, పి, దానికి కలిపి డేటా, మళ్లీ శాతం గుర్తు కొట్టండి. మధ్యలో ఎక్కడా ఖాళీ ఉండకూడదు. ఎంటర్ నొక్కితే రోమింగ్ అనే ఫోల్డర్ తెరుచుకుంటుంది. మామూలుగా దాచి ఉంచే ఫోల్డర్ కాబట్టి ఇలా తెరవడమే సులువు. అందులో లిబ్రేఆఫీస్, దాని లోపల 4 అనే ఫోల్డర్, దాని లోపల యూజర్ అనే ఫోల్డర్ ఉంటాయి. మీ దగ్గరున్నది 7 వెర్షన్ అయినా, 24 అయినా ఆ ఫోల్డర్ పేరు 4 గానే ఉంటుంది. పాత వెర్షన్‌దేమో అని పొరపడి వదిలేయకండి. మీరు వెర్షన్ మార్చి వేసినా లాభం లేకపోవడానికి కారణం కూడా ఇదే. పాతదీ కొత్తదీ రెండూ ఈ ఒక్క ఫోల్డర్‌నే చదువుతాయి.

యూజర్ ఫోల్డర్‌ను ఒక్కసారి క్లిక్ చేసి ఎఫ్2 నొక్కి, పేరును యూజర్ పాతది అనే అర్థం వచ్చేలా ఏదైనా పెట్టండి. డిలీట్ చేయకండి. ఎవరు చెప్పినా సరే, ఈ దశలో డిలీట్ వద్దు. పేరు మార్చడం వల్ల ప్రోగ్రామ్‌కు అది కనిపించదు, మనకు మాత్రం చెక్కుచెదరకుండా ఉంటుంది. ఆ తర్వాత లిబ్రేఆఫీస్ మామూలు ఐకాన్ మీద డబుల్ క్లిక్ చేయండి. మొదటిసారి కాస్త ఆలస్యం అవుతుంది, కొత్త యూజర్ ఫోల్డర్ తయారు చేసుకుంటుంది కాబట్టి. తెరుచుకుందంటే రోగం తెలిసిపోయినట్టే.

చూడాలని ఉంటే పాత ఫోల్డర్‌లో రిజిస్ట్రీ మోడిఫికేషన్స్ అనే ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి. సెట్టింగులన్నీ రాసుకునేది అందులోనే. ఆరోగ్యంగా ఉంటే మొదటి వరుసలోనే ఎక్స్‌ఎంఎల్ అన్న మాట, దాని కింద ఐటమ్ అనే మాటతో మొదలయ్యే వరుసలు గుంపులుగా కనిపిస్తాయి. చెడిపోయి ఉంటే సైజు కొన్ని కేబీలు చూపిస్తున్నా తెల్ల కాగితంలా ఖాళీగా ఉంటుంది, లేదా మధ్యలో తెగిపోయి ఉంటుంది. మీ సర్వీసు అబ్బాయికి కూడా చూపించండి. అతను చెడ్డవాడేమీ కాదు, రోజుకు ఎన్నో కంప్యూటర్లు చూసేవాళ్లకు ఫార్మాట్ కొట్టడం తొందరగా అయిపోయే పని. పోయేది మాత్రం మీ కష్టం.

ఇక మీ పేరాల సంగతి. లిబ్రేఆఫీస్ పూర్తిగా మూసేయండి. పాత ఫోల్డర్ తెరిస్తే లోపల ఆటోటెక్స్ట్ అనే ఫోల్డర్ ఉంటుంది. ఎఫ్3 నొక్కితే వచ్చేవన్నీ అందులోనే, బీఏయూ అని ముగిసే ఫైళ్లలో ఉంటాయి. మీరు విడిగా వర్గాలేమీ చేసుకోకపోతే మై టెక్స్ట్స్ అనే పేరుతో ఒక్కటే ఉంటుంది. దాన్ని కాపీ చేసి, కొత్త యూజర్ ఫోల్డర్‌లోని ఆటోటెక్స్ట్‌లో పేస్ట్ చేయండి, రీప్లేస్ చేయాలా అని అడిగితే సరే అనండి. లిబ్రేఆఫీస్ తెరిచి మీకు అలవాటైన రెండక్షరాలు కొట్టి ఎఫ్3 నొక్కి చూడండి. పేరా మొత్తం వచ్చి నిలబడుతుంది.

అలాగే వర్డ్‌బుక్ అనే ఫోల్డర్‌లో మీరు డిక్షనరీకి కలిపిన పదాలు ఉంటాయి. ఎర్ర గీత రాకుండా మీరు చేర్చిన ఊళ్ల పేర్లు, ఇంటిపేర్లు అన్నీ అక్కడే. టెంప్లేట్ అనే ఫోల్డర్‌లో మీరు చేసిన నమూనా పత్రాలు, ఆటోకర్ అనే ఫోల్డర్‌లో టైపు చేస్తుండగా తనంతట తాను దిద్దే జాబితా. వీటిని కూడా ఒక్కొక్కటిగా తెచ్చుకోండి. అన్నీ ఒకేసారి తేవద్దంటున్నది ఎందుకంటే, వాటిలో ఏదైనా కూడా చెడి ఉంటే ఏది తెచ్చాక ప్రోగ్రామ్ ఆగిందో వెంటనే తెలుస్తుంది. రిజిస్ట్రీ మోడిఫికేషన్స్ ఫైలును మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ తేకండి.

ఇంకో మాట. పాత ఫోల్డర్‌లో బ్యాకప్ అనే ఫోల్డర్ కూడా తెరిచి చూడండి. కరెంటు పోయినప్పుడు మీరు టైపు చేస్తున్న పత్రం అందులో దొరకవచ్చు. లిబ్రేఆఫీస్ మామూలుగా 10 నిమిషాలకోసారి రికవరీ కోసం ఒక కాపీ అక్కడ దాచుకుంటుంది. ఆ సమయాన్ని 3 నిమిషాలకు తగ్గించుకోండి. టూల్స్ మెనూలో ఆప్షన్స్‌లోకి వెళ్లి, లోడ్, సేవ్ అనే భాగంలో జనరల్ కింద ఉంటుంది.

కొత్త ఫోల్డర్ కాబట్టి కొన్ని మళ్లీ పెట్టుకోవాలి. అదే ఆప్షన్స్‌లో లాంగ్వేజెస్ భాగంలో కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ దగ్గర టిక్ లేకపోతే పెట్టి, తెలుగు ఎంచుకోండి. మీ తెలుగు ఫాంట్లు, కీబోర్డు విండోస్‌కు సంబంధించినవి. వాటికేమీ కాలేదు.

ఫోల్డర్ పేరు మార్చినా తెరుచుకోలేదనుకోండి. అప్పుడు మనం ఊహించడం మానేసి విండోస్‌నే అడగాలి. స్టార్ట్‌లో రిలయబిలిటీ అని కొడితే వ్యూ రిలయబిలిటీ హిస్టరీ అని వస్తుంది. తెరిస్తే తేదీలవారీగా ఒక గీత, కింద ఎర్ర గుండ్రాల్లో గుణకారం గుర్తులు కనిపిస్తాయి. ఈరోజు గుర్తు మీద క్లిక్ చేసి లిబ్రేఆఫీస్ వరుసను రెండుసార్లు నొక్కండి. అందులో ఫాల్టింగ్ మాడ్యూల్ నేమ్, లేదా ఫాల్ట్ మాడ్యూల్ నేమ్ అనే వరుస ముఖ్యం. పడగొట్టింది ఎవరో పేరుతో సహా రాసి ఉంటుంది. అది మీ గ్రాఫిక్స్ కార్డు డ్రైవర్ ఫైలు అయితే, సేఫ్ మోడ్ పెట్టెలో కన్ఫిగర్ కింద డిజేబుల్ హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ దగ్గర టిక్ పెట్టి అప్లై చేయండి. 2020లో వచ్చిన 7.0 వెర్షన్ నుంచి విండోస్‌లో లిబ్రేఆఫీస్ తెర మీద బొమ్మ గీయడానికి గ్రాఫిక్స్ డ్రైవర్ మీద ఎక్కువ ఆధారపడుతుంది. పాత కంప్యూటర్లలో పాత డ్రైవర్ ఉంటే అక్కడే తట్టుకుని పడిపోతుంది. వీసీ రన్‌టైమ్ లేదా ఎంఎస్‌వీసీపీ అన్న మాటలతో 140 అంకె కనిపిస్తే చాలా ప్రోగ్రాములు నడవడానికి కావలసిన ఫైళ్ల కట్ట అయిన మైక్రోసాఫ్ట్ విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్‌ను మైక్రోసాఫ్ట్ సైటు నుంచే దించి వేసుకోండి. డీఎల్ఎల్ అనే ఈ తరహా ఫైళ్లు ఒక్కొక్కటి విడిగా అమ్మినట్టు పెట్టే సైట్లు ఉంటాయి, వాటి గడప తొక్కకండి.

యాంటీవైరస్ కూడా ఒకసారి చూడాలి. విండోస్ సెక్యూరిటీలో ప్రొటెక్షన్ హిస్టరీ తెరిస్తే లిబ్రేఆఫీస్ ఫైలు దేన్నైనా పట్టి లోపల వేసిందేమో తెలుస్తుంది. సెటప్ ఫైలు మీరు ఎక్కడి నుంచి దించారో కూడా గుర్తు చేసుకోండి. వెతికినప్పుడు పైన వచ్చే ప్రకటనల్లో దొంగ డౌన్‌లోడ్లు ఉంటాయి. దీన్ని తయారుచేసే డాక్యుమెంట్ ఫౌండేషన్ వాళ్ల సొంత సైటులో ఉచితంగానే ఇస్తారు. మీ పక్క షాపుల్లో ఇంకా విండోస్ 7 వాడేవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లకూ చెప్పండి, 25.8 వెర్షన్ నుంచి విండోస్ 7, 8, 8.1 లలో ఇది పనిచేయదు. వాళ్లు పాత వెర్షనే వేసుకోవాలి.

ఇంకా తేలకపోతే విండోస్ సెట్టింగ్స్‌లో అకౌంట్స్‌లోకి వెళ్లి కొత్త యూజర్‌ను తయారుచేసి అందులో లాగిన్ అయి లిబ్రేఆఫీస్ తెరవండి. అక్కడ చక్కగా తెరుచుకుంటే తప్పు మీ పాత యూజర్ అకౌంట్‌లో ఉంది. అక్కడా పడిపోతే తప్పు విండోస్‌లోనో డిస్క్‌లోనో ఉండవచ్చు. అప్పుడు సీ డ్రైవ్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, టూల్స్‌లో చెక్ బటన్ నొక్కండి. డిస్క్ నుంచి టిక్కుటిక్కుమని చప్పుడు వస్తున్నా, ఫైళ్లు కాపీ కావడానికి మరీ ఎక్కువసేపు పడుతున్నా ఈ పరీక్షలన్నీ పక్కన పెట్టి ముందు పత్రాలన్నీ వేరే డిస్క్‌లోకి తీసుకోండి.

డిస్క్ చెడిపోయిందని తేలితేనో, విండోస్ ఫైళ్లే పాడయ్యాయని తేలితేనో అప్పుడు ఫార్మాట్ మాట ఎత్తవచ్చు. ఆ రోజు వచ్చినా డాక్యుమెంట్స్, డెస్క్‌టాప్‌తో పాటు ఇందాక చెప్పిన రోమింగ్‌లోని లిబ్రేఆఫీస్ ఫోల్డర్‌ను కూడా పెన్‌డ్రైవ్‌లోకి తీసి పెట్టమని సర్వీసు అబ్బాయికి మీరే గుర్తు చేయాలి. అడగకపోతే ఆ ఫోల్డర్‌ను ఎవరూ తీయరు, దాచి ఉంటుంది కాబట్టి వాళ్ల కంటికి కూడా పడదు.

మీ యూపీఎస్ గురించి ఒక ప్రశ్న. లేజర్ ప్రింటర్‌ను కూడా దానికే తగిలించారా? టైపింగ్ సెంటర్లలో ప్లగ్ పాయింట్లు చాలక ఇలా చేస్తుంటారు. లేజర్ ప్రింటర్ లోపలి రోలరు వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా చాలా కరెంటు లాగుతుంది. చిన్న యూపీఎస్ ఆ బరువు మోయలేక కూలబడుతుంది. ప్రింటర్, జిరాక్సు మెషీన్ నేరుగా గోడ ప్లగ్‌కే పెట్టి, యూపీఎస్‌కు సీపీయూ, మానిటర్ మాత్రమే ఉంచండి. ఇవి ఇప్పటికే విడిగా ఉంటే బ్యాటరీ అయిపోయినట్టే. కర్నూలు ఎండలకు షాపుల్లో వేడి తట్టుకోలేక యూపీఎస్ బ్యాటరీలు త్వరగా చస్తాయి. బల్ల కింద గాలి ఆడని మూలలో కాకుండా కాస్త తెరపిగా ఉన్నచోట పెట్టండి. కొత్త బ్యాటరీ వేయించాక, పని ఏమీ తెరిచి లేనప్పుడు గోడ స్విచ్ ఆపి, ఎంతసేపు నిలబడుతుందో చూసుకోండి. ఫైళ్లు సేవ్ చేసి మూసుకునేంత సమయం దొరికితే చాలు.

యూజర్ ఫోల్డర్ పేరు మార్చినా, హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆపినా తెరుచుకోకపోతే, ఆ ఫాల్టింగ్ మాడ్యూల్ వరుసలో ఉన్న పేరు, లిబ్రేఆఫీస్ వెర్షన్, కొత్త యూజర్ అకౌంట్‌లో తెరుచుకుందో లేదో, ఈ మూడు వివరాలు రాసి మళ్లీ పంపండి అమ్మా. అప్పటిదాకా ఆ పాత ఫోల్డర్‌ను ఎవరినీ ముట్టుకోనివ్వకండి.